వంటింట్లో డేర్, డీ, డాస్

మా గాజువాక ఇంట్లో వంటింటి డబ్బాలకి పసుపు చీటీలు ఇంకా అంటుకునే ఉన్నాయట. మావయ్యగారు పీకనివ్వలేదని పక్కింటి పిన్నిగారు మొన్న ఫోన్లో చెప్పారు. ఉప్పు డబ్బా మీద డాస్ సాల్స్, పంచదార మీద డేర్ త్సూకర్, పాలు పెట్టే అలమార తలుపుకి డీ మిల్ష్. చెంచా మగవాడు, ఫోర్కు ఆడది, చాకు రెండూ కాదు. జర్మన్ వాళ్ళు అలా ఎందుకు పంచుకున్నారని మా ఆన్‌లైన్ టీచరుని అడిగితే ఆవిడ నవ్వి, ‘కారణం అడక్కండి, బట్టీ పట్టండి’ అన్నారు. ముప్పై ఆరేళ్ళ వయసులో, పోపు మాడకుండా చూసుకుంటూ నేను చేసింది అదే.

ఈ చదువంతా ఎందుకంటే, నా మొగుడి దగ్గరికి వెళ్ళడానికి. వెళ్ళాలంటే టిక్కెట్టు చాలనుకునేదాన్ని.

మావారు 2022 జనవరిలో జర్మనీ వెళ్ళారు, డ్యూస్‌బుర్గ్ అనే ఊరికి. రైన్ నది ఒడ్డున ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీలు, పెద్ద నదీ రేవు, బొగ్గు దుమ్ము చరిత్ర. ‘మన ఊరే, సముద్రం లేదంతే’ అని మొదటి రోజే వీడియో కాల్లో అన్నారు. ఆయన మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీలో మెషీన్ల మరమ్మత్తు పనిలో పద్నాలుగేళ్ళు గడిపారు. అక్కడా అదే పని. ఆరు నెలల ప్రొబేషన్ అయ్యాక ‘ఇంక మీరు కూడా వచ్చెయ్యండి’ అన్నారు. నేనూ పాపా సూట్‌కేసులు ఏ రంగు కొనాలో మాట్లాడుకున్నాం. పాపకప్పుడు పదేళ్ళు.

వారం తర్వాత మళ్ళీ ఫోన్. గొంతు తగ్గించి, ‘వరం, నువ్వు ఒక పరీక్ష రాయాలట’ అన్నారు.

విషయం ఏమిటంటే, భర్తనో భార్యనో కలుసుకోవడానికి జర్మనీ వెళ్ళే వాళ్ళు జర్మన్ భాష ఏ1 స్థాయి పాసవ్వాలని 2007లో చట్టం చేశారు. మినహాయింపులున్నాయి. బ్లూ కార్డు అని ఒకటుంటుంది, ఎక్కువ జీతం ఉన్న చదువుకున్న వాళ్ళకిస్తారు. వాళ్ళ భార్యలకి పరీక్ష అక్కర్లేదు. 2022లో ఇంజినీర్లకి ఆ కార్డు రావాలంటే ఏడాదికి దాదాపు 44 వేల యూరోల జీతం ఉండాలి. మావారిది దానికి కాస్త తక్కువ. అంచేత ఆయనకి మామూలు పర్మిట్టు, నాకు పరీక్ష. మా వీధి చివర ఒకమ్మాయి, నాకంటే పదేళ్ళు చిన్నది, మొగుడు మ్యూనిక్‌లో సాఫ్ట్‌వేర్. తను ‘గూటెన్ మోర్గెన్’ కూడా రాకుండా విమానం ఎక్కేసింది. నాకు కుళ్ళు కలగలేదని చెప్తే అబద్ధం. మొగుడి జీతం పెరిగితే పెళ్ళానికి భాష వచ్చేసినట్టేనా అని చాలా రోజులు గిన్నెలతో వాదించుకున్నాను.

కానీ పరీక్షకంటే ముందు మరో సంగతి తేలింది. మాకు పెళ్ళయినట్టు కాగితం లేదు.

2009లో సింహాచలం కొండ మీద మా పెళ్ళి. రెండొందల మంది బంధువులు, కొండ కింద భోజనాలు, ఎండకి మా పెద్దమ్మ కళ్ళు తిరిగి పడిపోవడం, అన్నీ అందరికీ గుర్తే. రిజిస్ట్రేషన్ మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మన రాష్ట్రంలో పెళ్ళిళ్ళు రిజిస్టరు చేయించాలని 2002లోనే చట్టం వచ్చింది, 2006లో సుప్రీంకోర్టూ చెప్పింది. మా ఇళ్ళల్లో ఎవరికి పట్టింది? రేషన్ కార్డులో పేరెక్కితే పెళ్ళి ఖాయమైనట్టే అనుకున్నాం.

ఇప్పుడు చేయించుకోవాలంటే సబ్ రిజిస్ట్రారు ముందు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నిలబడాలి, ముగ్గురు సాక్షులు కావాలి. మొగుడేమో డ్యూస్‌బుర్గ్‌లో. ఆయన దసరాకి పన్నెండు రోజుల సెలవు పెట్టి వచ్చారు. అందులో ఆదివారాలు, పండగ సెలవులు పోగా మాకు మిగిలిన పనిదినాలు అయిదు. మొదటి రోజు సర్వర్ పని చెయ్యలేదు. రెండో రోజు శుభలేఖ దగ్గర ఆగిపోయింది.

శుభలేఖ దొరకడమే ఒక కథ. మా అమ్మ దగ్గర లేదు, మా అత్తయ్య ఉండుంటే ఎక్కడ పెట్టిందో చెప్పేది, ఆవిడ 2019లో పోయింది. చివరికి మా చినమామయ్య ఇంట్లో దేవుడి పటం వెనక దొరికింది, పసుపు మరకలతో సహా. తీసుకెళ్ళి ఇస్తే గుమాస్తా గారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. ‘చి.ల.సౌ. వరాలు. వరాలెవరమ్మా?’

‘నేనేనండీ.’

‘టెన్త్ సర్టిఫికెట్లో వై. వరలక్ష్మి అనుంది. ఆధార్‌లో మొల్లి వరలక్ష్మి అనుంది. ఇందులో వరాలు. ముగ్గురున్నారు. ఎవరికి చేశారు పెళ్ళి?’

ఆయన తప్పేం లేదు. నలుగురిలో నవ్వేశాను గానీ ఇంటికొచ్చి ఏడ్చాను. పుట్టింట్లో యెల్లపు, అత్తింట్లో మొల్లి, అందరి నోట్లో వరాలు. మన ఆడవాళ్ళలో ఎంతమందికి అన్ని కాగితాల్లోనూ ఒకే పేరుందో ఒకసారి బీరువా తీసి చూసుకోండి, నా మాట విని. ఇవాళే చూడండి. ఈ ముగ్గురూ ఒక్కరే అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి, టెన్త్‌లో ఉన్న పుట్టింటిపేరే అసలు పేరని తేల్చుకున్నాం. పాస్‌పోర్టు కూడా మర్రిపాలెం ఆఫీసులో ఆ పేరుతోనే తీసుకున్నాను. ఆయన తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు సర్టిఫికెట్ చేతికొచ్చింది. పెళ్ళయిన పదమూడేళ్ళకి.

ముగ్గురు సాక్షుల్లో ఒకరు మావయ్యగారు. సంతకం పెట్టమంటే పేరు పూర్తిగా, గుండ్రంగా, నెమ్మదిగా రాశారు. గుమాస్తా తొందర పెడుతున్నా సరే. ఇంటికొచ్చాక ట్రంకుపెట్టె తీసి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఒక పాత కార్డు మా అందరి ముందూ పెట్టారు. ఆయన ఆర్ కార్డు.

గాజువాక వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ళ కోసం చెప్తాను. స్టీల్ ప్లాంటుకి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. దానికోసం 64 ఊళ్ళు లేచిపోయాయి. భూములూ ఇళ్ళూ పోయిన కుటుంబాలకి ఇచ్చిన పునరావాస కార్డే ఆర్ కార్డు. అది ఉంటే ప్లాంటులో ఉద్యోగానికి అర్హత. ఉద్యోగం అందరికీ రాలేదు. కార్డు పట్టుకుని ఇప్పటికీ ఎదురుచూసే కుటుంబాలున్నాయి. మావయ్యగారికి వచ్చింది. బ్లాస్ట్ ఫర్నేసులో పని. అక్కడి మూడు ఫర్నేసులకీ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఆయన గోదావరి దగ్గర చేశారు. ‘మా గోదారి’ అనే అంటారు, ఎవరైనా వింటే రాజమండ్రి మనిషి అనుకోవాలి.

‘ఈ కార్డు కోసం మీ మావ తాతయ్య ఎన్ని సార్లు తిరిగినాడో నీకేటి తెలుసు’ అన్నారు. ‘మన ఊరు మనదే అని సెప్పడానికి కాయితం కావాలన్నారు. ఆ కాయితం వొచ్చేతలికి ఊరు లేదు. నువ్వు ఏడవకు. కాయితం అంటే అలగే ఉంటాది.’

ఆ మాట వింటున్నప్పుడు ధైర్యం చెప్తున్నారనే అనుకున్నాను.

ఇంక చదువు. రోజూ రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఆన్‌లైన్ క్లాసు. పదిహేను మందిమి. సగం మంది నర్సులు, మిగతా సగం నాలాంటి పెళ్ళాలు. అంకెల దగ్గర నా పని అయిపోయింది. మనం ఇరవై ఒకటి అంటాం. వాళ్ళు ‘ఒకటీ ఇరవై’ అంటారు. యాభై నాలుగుని ‘నాలుగూ యాభై’ అంటారు. వినగానే చెయ్యి నాలుగు రాసేస్తుంది, ఆ తర్వాత అయిదు, అయిపోయింది, నలభై అయిదు. కూరగాయల బండి దగ్గర బేరాలు కూడా ఆ నెలంతా మనసులో తిరగేసి చేసేదాన్ని. పాప నాకంటే ముందు నేర్చేసుకుంది, నేను తప్పు చదివితే పక్క గదిలోంచి సరిచేసేది. మావయ్యగారు వరండాలో మంచం మీద పడుకుని వింటూ ఉండేవారు. ఒకరోజు పొద్దున్న కాఫీ తెమ్మని పిలవడానికి బదులు ‘డేర్ కాఫే!’ అని కేకేశారు. కాఫీ మగవాడని ఆయనకీ తెలిసిపోయింది.

క్లాసులో ఒకరోజు ఉద్యోగాల పేర్లు. లేరెరిన్ అంటే టీచరు, ఎర్ట్‌స్టిన్ అంటే డాక్టరు, క్యోషిన్ అంటే వంటావిడ. నా వంతు వచ్చింది. ఏం చెప్పాలో తెలీక టీచరునే అడిగాను. ‘హౌస్‌ఫ్రావ్’ అన్నారు. హౌస్ అంటే ఇల్లు, ఫ్రావ్ అంటే భార్య, ఆవిడ. అంటే ఇల్లాలే! ఇల్లు, ఆలు, రెండూ అతికించి మనం చేసిన మాటే వాళ్ళూ చేసుకున్నారు. ఆ భాషలో నాకు మొదటిసారి చుట్టరికం తగిలింది అక్కడే.

పరీక్ష హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని గోథే సెంట్రమ్‌లో. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోటి పాతిక మార్కులు, నూటికి అరవై వస్తే పాసు. డిసెంబరులో సాయంత్రం దువ్వాడలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళి రాశాను. వినే భాగంలో రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటు వచ్చింది, ఎన్నో నంబరు ప్లాట్‌ఫారమో రాయాలి. మన దువ్వాడలో తెలుగులో చెప్తేనే సగం వినపడదు. నాకొచ్చిన మార్కులు 54. నాలుగూ యాభై.

ఆ రాత్రి ఆయనకి ఫోన్ చెయ్యలేదు. మనకీ వాళ్ళకీ చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా, నేను పడుకునే వేళకి ఆయన డ్యూటీ దిగుతారు. అప్పటికి పదకొండు నెలలు. ఆయనే చేశారు. ‘పోన్లే’ అన్నారు. ఆ పోన్లే విని నాకు చాలా కోపం వచ్చింది. పోనివ్వడానికి ఏముంది మధ్యలో, మేమే కదా. ఇద్దరం ఫోన్ పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. అటు వైపు నుంచి కుక్కర్ విజిల్ వినపడింది. ఒక్కడే వండుకుంటున్నాడు మనిషి అని అప్పుడు కోపం పోయింది.

ఫిబ్రవరిలో రెండోసారి. ఈసారి మాట్లాడే భాగంలో నా ఎదురుగా ఒక కుర్ర నర్సు. పరీక్ష పెట్టేవాళ్ళు ముందు మన గురించి చెప్పమంటారు, పేరు, వయసు, దేశం, ఊరు, భాషలు, ఉద్యోగం, సరదా. తర్వాత పేరు అక్షరం అక్షరం చెప్పమంటారు. నా ఇంటిపేరు ఇంగ్లీషు అక్షరాల్లో వై తో మొదలవుతుంది. జర్మన్‌లో వైని ‘ఉప్సిలోన్’ అంటారు. ఉప్సిలోన్, ఏ, ఎల్, ఎల్, ఆ, పే, ఊ. యెల్లపు. పెళ్ళయిన పదమూడేళ్ళలో నా పుట్టింటిపేరు అంత స్పష్టంగా, అంత గట్టిగా, తప్పు లేకుండా ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం దగ్గర ‘ఇష్ బిన్ హౌస్‌ఫ్రావ్’ అన్నాను. ఆ నర్సమ్మాయి ‘పొద్దున్న ఏం తింటారు’ అని అడిగితే ‘ఇష్ ఎస్సె పెసరట్టు’ అన్నాను. పరీక్షాధికారి పెదాలు కదిలాయి. 73 వచ్చాయి.

పరీక్ష అయితే సగం అయిందనుకోండి. ఈలోగా వైజాగ్‌లో ఒక ఏజెంటు మా పెళ్ళి సర్టిఫికెట్‌కి అపోస్టిల్ ముద్ర వేయించాలని చెప్పి డబ్బులు తీసుకున్నాడు. ఢిల్లీ నుంచి అందమైన స్టిక్కరు వచ్చింది. తర్వాత తెలిసింది, అపోస్టిల్ ఒప్పందంలో ఇండియా 2005లో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పిందని, ఆ ముద్ర జర్మనీకి పనికిరాదని. వేరే దేశాలకి వెళ్ళేవాళ్ళకి అవసరమే. జర్మనీకి కాదు. ఏజెంటుని అడిగితే ‘ఉంటే మంచిదే కదమ్మా’ అన్నాడు. వీసాల పనిలో ‘ఉంటే మంచిదే’ అన్న మాట వినపడితే పర్సు మూసుకోండి.

అక్కడ ఆయన తిప్పలు వేరు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే అప్పట్లో సరిపడా ఇల్లు చూపించాల్సి ఉండేది. లెక్క ఏమిటంటే, ఆరేళ్ళు దాటిన మనిషికి 12 చదరపు మీటర్లు. అంటే దాదాపు 130 చదరపు అడుగులు. ఆయనున్నది 24 మీటర్ల ఒంటి గది. ముగ్గురికి చాలదు. మా గాజువాక ఇల్లు ఆ కొలతతో కొలిస్తే, అత్తయ్య ఉన్న రోజుల్లో అయిదుగురం ఉన్నాం, ఇద్దరు వీధిలో ఉండాల్సిందే. రెండు గదుల ఇల్లు కోసం ఆయన నాలుగు నెలలు తిరిగారు. చివరికి 52 మీటర్లది దొరికింది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కుటుంబం రాకముందే కుటుంబానికి అద్దె కట్టడం మొదలైంది. ఖాళీ గదిలో పాపకని ఒక మంచం కొని ఫొటో పంపారు. ఆ మంచం ఎనిమిది నెలలు అలా దుప్పటి పరిచి ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇన్నాళ్ళూ చుట్టూ తిరుగుతున్నాను, నాకే తెలుస్తోంది.

వీసా ఫారం నింపుతున్నాను ఒక మధ్యాహ్నం. నా పేరు, నా తండ్రి, నా తల్లి, భర్త, పిల్లలు. ఒక్కొక్కరికీ గడులున్నాయి. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు. అన్నీ నింపేశాక మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి చూశాను. మావయ్యగారిని రాయడానికి ఎక్కడా గడి లేదు. మా అత్తయ్య పోయాక నాలుగేళ్ళుగా ఆయనకి బీపీ మాత్ర ఇచ్చేది నేను. ఆయన కాలి కురుపు కట్టు మార్చేది నేను. నా జ్వరానికి రాత్రి రెండు గంటలకి జావ కాచింది ఆయన. మావారు ఫోన్లో రెండేళ్ళు ఉంటే, ఆయన వరండాలో రెండేళ్ళు ఉన్నారు. ‘కుటుంబ పునరేకీకరణ’ అంటారు ఈ వీసాని. ఆ చట్టం లెక్కలో అప్పట్లో కుటుంబం అంటే మొగుడూ పెళ్ళాం, మైనరు పిల్లలు. మావయ్యగారి లాంటి వాళ్ళు ఎంతో అసాధారణమైన కష్టం చూపిస్తే తప్ప అందులోకి వచ్చేవారు కాదు. ఆయన కష్టంలో అసాధారణం ఏముంది? అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఒంటరి, మోకాళ్ళ నొప్పి. ప్రతి వీధిలోనూ ఇద్దరున్నారు.

ఆ ఫారం వారం రోజులు నింపకుండా ఉంచాను. ఆయనకి ‘నెట్ రావట్లేదు’ అని అబద్ధం చెప్పాను.

మా ఆడపడుచుది అనకాపల్లి. తను వచ్చి ‘నాన్నా, నా దగ్గరికి వచ్చెయ్యి’ అంది, మనస్ఫూర్తిగానే అంది. మావయ్యగారు కదల్లేదు. ‘ఒకపాలి లేచీసినాం. సాలు. ఈ ఇల్లు నా సేత్తో కట్టినాను. ఇందులోంచి నేను లెగను.’ మూడు రోజులు అదే మాట. తనకి కోపం వచ్చింది, నామీద. ‘నువ్వు వెళ్ళకపోతే నాన్న కదలక్కర్లేదు కదా’ అంది. తను అన్నది తప్పని ఇప్పటికీ అనలేను. కోడలు వెళ్ళిపోతోందనే మాట వీధిలోకీ వెళ్ళింది. కొడుకు వెళ్ళి ఏడాదిన్నరైంది, ఆ మాట ఎవరూ అనలేదు, అది గమనించండి.

ఆ రోజుల్లో మావయ్యగారు సాయంత్రాలు కూర్మన్నపాలెం కూడలికి వెళ్ళేవారు. ప్లాంటుని ప్రైవేటుకి ఇచ్చేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి అక్కడ దీక్షా శిబిరం నడుస్తుండేది. వెళ్ళి ఆ టెంటులో పాత స్నేహితులతో కూర్చుని వచ్చేవారు. ఒకరోజు వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా దగ్గర నిలబడి అడిగారు. ‘ఆ ఫారం పంపినావా?’

‘లేదు మావయ్యగారూ.’

‘ఎందుకు?’

నేను మాట్లాడలేదు. ఆయన వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, గోడ మీద చీటీ చూస్తూ ‘డాస్ వాసర్’ అని చదివారు. చీటీల్లో తెలుగు అక్షరాలే రాసుకున్నాను కదా. ‘ఇంత సదివి పంపకపోతే ఎలగ. గుంటకి తండ్రి కావాల. రేపు పంపీ’ అన్నారు. వెళ్ళి మంచం మీద పడుకున్నారు. నాకు తెలుసు ఆయన నిద్రపోలేదని. ఆ రాత్రి వరండా లైటు తీయలేదు.

జూన్‌లో హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్. అన్నీ రెండేసి సెట్లు. ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు, నవ్వకూడదు. ఫీజు నాకు 75 యూరోలు, పాపకి అందులో సగం, మన రూపాయల్లో కట్టాలి. కౌంటరు అమ్మాయి నా ఏ1 సర్టిఫికెట్ పక్కన పెట్టి, పెళ్ళి సర్టిఫికెట్ తిప్పి చూసి, ‘పెళ్ళి 2009, రిజిస్ట్రేషన్ 2022?’ అంది. తల ఊపాను. రాసుకుంది. అంతే. పదమూడేళ్ళకి నేను తయారు చేసుకున్న సంజాయిషీ అంతా అలాగే మిగిలిపోయింది. ఫైలు అక్కడి నుంచి కాన్సులేటుకి, ఆ తర్వాత డ్యూస్‌బుర్గ్ నగరంలోని విదేశీయుల కార్యాలయానికి వెళ్తుంది, వాళ్ళు సరేనంటేనే వీసా. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల గురించి చెప్పడానికేం లేదు, ఫోన్ మోగితే గుండె ఆగడం తప్ప.

సెప్టెంబరులో పాస్‌పోర్టులు వచ్చాయి. అక్టోబరులో బయల్దేరాం. మావయ్యగారు ఎయిర్‌పోర్టుకి రాలేదు. గేటు దగ్గరే నిలబడి, పాప తల నిమిరి, నా చేతిలో ఒక మూట పెట్టారు. ఆవకాయ అనుకున్నాను. విమానంలో విప్పి చూస్తే ఆర్ కార్డు జిరాక్సు, నాలుగు మడతలు పెట్టి. ఎందుకిచ్చారో అడగలేదు. వాళ్ళకేమైనా రుజువు కావాల్సొస్తుందని అనుకున్నారేమో.

ఇక్కడికొచ్చాక రెండు వారాల్లోపు చిరునామా నమోదు చేసుకోవాలి, తర్వాత రెసిడెన్స్ పర్మిట్ కోసం విదేశీయుల కార్యాలయానికి వెళ్ళాలి. వేలిముద్రలు తీసుకున్నారు. నా కుడిచేతి వేలు రెండుసార్లు పడలేదు. అంట్లు తోమీ తోమీ అరిగిపోయిందని జర్మన్‌లో చెప్పబోయి, క్రియ దొరక్క ఊరుకున్నాను. కొన్ని వారాలకి కార్డు వచ్చింది, ఆధార్ అంత ఉంది. దాని మీద ఒక లైను చూసి మావారిని పిలిచాను. ‘ఉద్యోగం చేయడానికి అనుమతి ఉంది’ అని. భార్యగా వచ్చిన వాళ్ళకి పని చేసుకునే హక్కు దానంతట అదే వస్తుంది. ఇల్లాలు అని చెప్పి పరీక్ష పాసై వచ్చాను, వాళ్ళు ఉద్యోగం చెయ్యొచ్చంటున్నారు. ప్రస్తుతానికి వారానికి మూడు రోజులు ఒక బడి వంటశాలలో చేస్తున్నాను. క్యోషిన్ కాదు ఇంకా, గిన్నెలు కడిగే పనే.

2022 చివర్లోనే చట్టం మార్చారని ఇక్కడికొచ్చాక తెలిసింది. మావారి లాంటి పర్మిట్టున్న వాళ్ళ భార్యలకి ఇప్పుడు ఏ1 పరీక్ష అక్కర్లేదు. ఆ వార్త చదివి అరగంట కూర్చుండిపోయాను. మంచిదే, ఇంకొకామెకి ఆ 54 బాధ తప్పింది. నాకైతే బేకరీ దగ్గర రొట్టె అడగడానికి ఆ భాషే పనికొస్తోంది, అంచేత తిట్టుకోవడం మానేశాను.

ఈ ఊళ్ళో 1985లో మూసేసిన ఒక ఉక్కు కర్మాగారాన్ని పార్కు చేశారు. పాత బ్లాస్ట్ ఫర్నేసు అలాగే ఉంచి, పైకి ఎక్కడానికి మెట్లు పెట్టారు. పిల్లలతో వచ్చి జనం ఎక్కుతుంటారు. ఒక ఆదివారం ఎక్కి పైనుంచి మావయ్యగారికి వీడియో కాల్ చేసి చూపించాను. చాలాసేపు చూశారు. ‘దీన్ని సల్లార్చేసి ఎన్నాళ్ళయింది?’ అని ఒక్కటే అడిగారు. చెప్పాను. ‘మా గోదారిని ఇలగ సూడ్డానికి నేను ఉండకూడదు’ అని ఫోన్ పెట్టేశారు. ఆయనకి చూపించాల్సింది కాదేమో.

నిన్న మళ్ళీ ఫోన్. పింఛనుకి ఏడాదికోసారి బతికున్నట్టు జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఇదివరకు నేనే బండి మీద మీసేవకి తీసుకెళ్ళేదాన్ని, ఫర్నేసు పనికి ఆయన వేళ్ళు అరిగిపోయి మెషీన్ మీద ముద్ర పడేది కాదు, నాలుగైదు సార్లు తిరిగేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపిస్తే చాలు. పక్కింటి పిన్నిగారి మనవడు ఒక ఫోన్లో ఆ పని చేస్తుంటే ఇంకో ఫోన్లో నేను. ‘వెలుగులోకి రండి మావయ్యగారూ, వంటింటి కిటికీ దగ్గర నిలబడండి’ అన్నాను. నిలబడ్డారు. వెనక గోడ మీద పసుపు చీటీలు కనపడుతున్నాయి.

‘కళ్ళు ఆర్పు తాతా’ అన్నాడు కుర్రాడు.

‘ఎన్నిపాల్లు ఆర్పాలేటి?’

‘అది సరే అనే దాకా.’

ఆర్పారు. ఆకుపచ్చ టిక్కు వచ్చిందని కుర్రాడు అరిచాడు. మావయ్యగారు నా ఫోన్ వైపు తిరిగి, ‘అయిపోనాదమ్మా. బతికే ఉన్నానంట’ అని, ‘అక్కడ ఏటి వొండినావు ఇయ్యాల?’ అన్నారు.

‘పప్పుచారు’ అన్నాను.

‘పప్పుచారు డేరా, డీయా?’